స్పేర్లకు గోరంత, లేబర్‌కు కొండంత: అయినా ఆ బిల్లు సరైనదే అంటాను

ఈ బైక్ రిపేరు షాపు బిల్లు చూసి మళ్లీ అటువైపు వెళ్లని వాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, అందుకే ఇది రాయాలనిపించింది. కొన్నేళ్లుగా నా బండి పనులన్నీ ఇక్కడే చేయిస్తున్నాను. ఎంతసేపు కూర్చోబెడతారు, బండి కడిగిస్తారా, మాట మర్యాదగా ఉంటుందా, ఇవన్నీ ఎవరైనా చెప్తారు కాబట్టి వదిలేస్తున్నా. నాకు బాగా నచ్చింది ఒకటే ఉంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి పట్టిన సమయాన్ని వీళ్లు బిల్లులో వేరే లైనుగా రాస్తారు, దాని కింద మీటరు పెట్టి తీసిన రీడింగులు కూడా రాస్తారు. ఆ లైన్ చూసే చాలామందికి కోపం వస్తుంది. నాకు మాత్రం ఆ లైన్ వల్లే ఈ షాపు మీద నమ్మకం కుదిరింది.

అప్పట్లో నా బండికి చార్జింగ్ సమస్య ఉండేది. పొద్దున సెల్ఫ్ నొక్కగానే ఇంజన్ లేచేది, కాసేపు తిరిగి ఎక్కడైనా ఆపితే మళ్లీ లేచేది కాదు, సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే రిలే టిక్కుటిక్కుమనే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడు నేను వెళ్తున్న వేరే షాపులో బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశారు. బిల్లులో బ్యాటరీ ధర, బిగించినందుకు కొంచెం లేబర్, అంతే. చూడ్డానికి చాలా న్యాయంగా ఉంది. కొత్త బ్యాటరీ నిండుగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు బాగానే నడిచింది, తర్వాత మళ్లీ అదే కథ. ఇంకోచోట చూపిస్తే రెక్టిఫయర్ (ఇంజన్ దగ్గర పుట్టే ఏసీ కరెంటును బ్యాటరీకి సరిపోయే డీసీగా మార్చే పెట్టె) పోయిందన్నారు, అదీ మార్చారు, మళ్లీ కొన్నాళ్లు బాగానే ఉంది. ఆ బిల్లు కూడా ముచ్చటగానే ఉంది: కంపెనీ స్పేరు, దాని మీద ముద్రించిన ధరే వేశారు, లేబర్ నామమాత్రం. రెండు బిల్లుల్లో ఒక్క లైన్‌ని కూడా తప్పు పట్టలేం. కానీ నేను డబ్బు కట్టిన రెండు వస్తువుల్లో ఏదీ చెడిపోయింది కాదు.

ఆ తర్వాతే ఈ షాపుకి వచ్చాను. వీళ్లు ముందు బ్యాటరీని బయట చార్జర్‌కి పెట్టి నిండనిచ్చారు, ఎందుకంటే దిగిపోయిన బ్యాటరీతో ఏ కొలత తీసినా అర్థం ఉండదు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.7 వోల్టులు. ఇంజన్ స్టార్ట్ చేసి 5000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 14 దాటింది. పన్నెండు వోల్టుల వ్యవస్థ ఉన్న బండికి పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య వస్తే చార్జింగ్ బాగున్నట్టే, కాబట్టి ఏ షాపులోనైనా ఇక్కడే ఆగిపోయి అంతా బాగుందని చెప్పి పంపేసేవాళ్లు. వీళ్లు ఆగలేదు. మీటరు వైర్లు అలాగే ఉంచి, ముందు ఫ్యాన్ పెట్టి, హెడ్‌లైట్ వేసి, బండి బాగా వేడెక్కేదాకా నడిపించారు. అప్పుడు రీడింగ్ మెల్లగా దిగడం మొదలుపెట్టి 13 కిందికి వచ్చేసింది. అంటే వేడెక్కితే తప్ప బయటపడని జబ్బు అది.

తర్వాత ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ చూశారు. కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు తీగల కప్లర్ (తీగలను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) విప్పి, రెండేసి తీగల మధ్య ఏసీ వోల్టేజీ కొలిస్తే మూడు జతల్లోనూ ఒకేలా వచ్చింది. ఏ తీగకీ బాడీ ఎర్త్‌తో కనెక్షన్ లేదు. అంటే కాయిల్ బాగుంది. రెక్టిఫయర్ కొత్తదే. ఇక మిగిలింది ఆ రెండింటినీ కలిపే కప్లరే. దాని మీద చుట్టిన టేపు పూర్తిగా తీసి లోపలికి చూస్తే ఒక పిన్ను గోధుమరంగులోకి మారి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. పిన్ను కొంచెం వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, రెసిస్టెన్స్ వల్ల వేడి, వేడి వల్ల పిన్ను ఇంకా వదులు, ఇది ఆగదు. వేడెక్కినప్పుడు ఆ తీగ సరిగ్గా తగలకపోతే చార్జింగ్ తగ్గిపోతుంది, లైటుకీ ఇగ్నిషన్‌కీ కావాల్సింది బ్యాటరీలోంచి పోతుంది. రెక్టిఫయర్ మార్చినప్పుడు కొన్నాళ్లు బాగుండటానికి కారణం కూడా అప్పుడే తెలిసింది: దాన్ని మార్చడానికి ఆ కప్లర్ ఊడదీసి మళ్లీ గుచ్చారు, ఆ రాపిడికి పిన్ను మీద పట్టిన మకిలి పోయి కాస్త పట్టు దొరికింది.

వేసినవి ఏమిటంటే కొత్త కప్లర్, పిన్నులు, వేడికి బిగుసుకునే స్లీవ్ ముక్క. మొత్తం కలిపినా ఒక లీటరు ఇంజన్ ఆయిల్ ధర కూడా కాలేదు. లేబర్ మాత్రం దాదాపు సగం పూటకి వేశారు. ఆ బిల్లు చూపిస్తే మా బావ "తీగ అతికించినందుకు ఇంత తీసుకున్నారా?" అన్నాడు. తీగ అతికించినందుకు తీసుకున్నది చాలా తక్కువ, అది ఏ తీగో కనిపెట్టినందుకు తీసుకున్నది ఎక్కువ. వీళ్లు కూడా ఊహించి పని చేసి ఉంటే తర్వాతి వంతు కాయిల్‌దే. చాలా బండ్లలో కాయిల్ మార్చాలంటే ఇంజన్ పక్క కవర్ విప్పాలి, ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్ కొత్తది వేయాలి, కాయిల్ ధర సరేసరి. అదంతా పెట్టాక కూడా ఈ కప్లర్ అలాగే ఉండేది, బండి మళ్లీ ఆగేది. ఆ తర్వాత చార్జింగ్ గురించి నేను మళ్లీ ఎవరి దగ్గరికీ వెళ్లాల్సిన అవసరం రాలేదు.

ఇంకో మంచి పద్ధతి ఉంది. వెతికే పనికి ఇంత సమయం అని సాధారణంగా కంపెనీ పుస్తకంలో ఉండదు, కాబట్టి మోసం జరిగేదీ ఇక్కడే. వీళ్లు బండి తీసుకునేటప్పుడే జాబ్ కార్డు మీద ఒక గంట అని రాస్తారు. గంట అయ్యాక ఫోన్ చేసి ఇవి చూశాం, ఇవి కావని తేలింది, ఇంకో గంట చూడమంటారా అని అడుగుతారు. వద్దంటే అక్కడితో ఆపి, అప్పటిదాకా తీసిన రీడింగులు రాసి ఇచ్చేస్తారు. ఆ కాగితం పట్టుకుని వేరే చోటికి వెళ్లినా వాళ్లు మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. బిల్లు ఎంత అనే టెన్షన్ సగం ఇక్కడే పోతుంది.

అప్పటినుంచి ఏ బిల్లైనా మొత్తం చూసి ఎక్కువో తక్కువో అనుకోవడం మానేశాను, లేబర్‌కీ స్పేర్లకీ మధ్య పొంతన చూస్తున్నాను. ట్యాపెట్ చెకింగ్ (వాల్వుల దగ్గరి సందు కొలవడం) చేయించినప్పుడు అసలు స్పేర్లే లేకుండా పెద్ద బిల్లు వచ్చింది. ట్యాంకు తీయాలి, హెడ్ కవర్ విప్పాలి, ఇంజన్ పూర్తిగా చల్లారాక కొలవాలి, కొలతలన్నీ హద్దుల్లో ఉంటే ఏమీ మార్చకుండా మళ్లీ మూసేయాలి. మార్చింది ఏమీ లేదు కదా అని బేరమాడితే న్యాయం కాదు. ఒక్కో వాల్వు కొలత మిల్లీమీటరులో వందో వంతుతో సహా రాసిచ్చారు, తర్వాతిసారి కొలిచినప్పుడు ఎంత అరిగిందో తెలుస్తుంది. కానీ అదే లైన్‌లో కొలతలు లేకుండా ఉత్తి "ట్యాపెట్ చెకప్" అని మాత్రం ఉంటే నేను డబ్బు కట్టే ముందు తప్పకుండా అడుగుతాను. మామూలు పనులకు కంపెనీలు ఇంత సమయం అని నిర్ణయించి ఉంచుతాయి, షాపులు ఆ లెక్కనే వేస్తాయి. చేయి తిరిగిన మెకానిక్ అంతకంటే త్వరగా ముగించాడని తగ్గించమనడం నాకు ఇష్టం ఉండదు, కొత్త కుర్రాడు రెట్టింపు సమయం తీసుకుంటే ఆ భారం నా మీద వేయనంతవరకు.

స్పేర్ల సంగతి చూసుకోవడం ఇంకా తేలిక. వీళ్ల బిల్లులో పార్ట్ నంబరు ఉంటుంది, దాన్ని కంపెనీ స్పేర్ల పట్టికలో చూసుకోవచ్చు. షాపుకి డిస్కౌంట్‌లో దొరికి మనకి పూర్తి ధరకి అమ్మితే అది వాళ్ల లాభం, తెప్పించిపెట్టినందుకూ తప్పుదొస్తే వెనక్కి తీసుకున్నందుకూ ఆ మాత్రం ఉండాలి. ముద్రించిన ధర కంటే ఎక్కువ వేస్తే మాత్రం ఊరుకోకూడదు. ఆయిల్ దగ్గర కూడా జాగ్రత్తగా చూడండి: ఫిల్టర్ మారిస్తే ఎంత, మార్చకపోతే ఎంత పడుతుందో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, బిల్లులో లీటర్లు దానికి సరిపోవాలి. డ్రెయిన్ బోల్టు వాషర్ లాంటి చిన్న చిన్నవి కనిపిస్తే నాకు అనుమానం రాదు, సంతోషమే, పాత వాషరే మళ్లీ బిగించి ఆయిల్ కారేలా చేయలేదని అర్థం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఒకవైపే కారుతుంటే రెండు సీల్సూ మార్చడం కూడా అంతే, విప్పే పని ఎలాగూ ఉంది, ఆయిల్ రెండువైపులా సమానంగా ఉండాలి.

ఇక మొదట్లో నేను అందరికీ గొప్పగా చెప్పిన సంగతి ఒకటుంది, తీసేసిన పాత స్పేర్లన్నీ కవర్లో పెట్టి చేతికిస్తారని. ఇప్పటికీ ఇస్తారు, మంచిదే. కానీ దాని విలువ నేను చెప్పినంత లేదనిపిస్తోంది. బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో కంటికి కనిపిస్తుంది, పళ్లు కొక్కేల్లా వంగిపోయిన స్ప్రాకెట్ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. రెక్టిఫయర్ మాత్రం బాగున్నదైనా పోయినదైనా చేతిలో ఒకేలా ఉంటుంది. వేరే షాపు వాళ్లు కూడా నా పాత రెక్టిఫయర్ నాకే ఇచ్చారు మరి. పాత స్పేరు ఇవ్వడం అది మార్చారని చెప్తుంది, మార్చాల్సి వచ్చిందని చెప్పదు.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. చైన్ సెట్టూ వెనక టైరూ వీల్ బేరింగులూ ఒకేసారి మార్పించాను. బిల్లులో మూడు పనులకీ మూడు పూర్తి లేబర్లు వేశారు. ఈ మూడింటికీ వెనక చక్రం విప్పాల్సిందే, కానీ విప్పింది ఒక్కసారే కదా. పుస్తకంలో ప్రతి పనికీ రాసిన సమయంలో చక్రం విప్పి బిగించే సమయం కూడా కలిసే ఉంటుంది, మూడూ కలిపి చేసినప్పుడు ఆ భాగం రెండుసార్లు తీసేయాలి. నేను అడిగితే బేరింగుల దగ్గర తగ్గించారు, టైరు దగ్గర తగ్గించలేదు. కంప్యూటర్లో అలాగే వస్తుందని చెప్పారు. వెతికే పనిలో నిమిషాల లెక్క చెప్పే షాపు ఇక్కడ కంప్యూటర్ మీద తోసేయడం నాకు బాధగా అనిపించింది, ఇప్పటికీ ఆ బిల్లు సరైనదని నేను ఒప్పుకోను. చివర్లో గ్రీజు, గుడ్డలు, క్లీనర్ అంటూ మొత్తం మీద శాతం లెక్కన వేసే లైన్ కూడా అలాంటిదే. కప్లర్ పనికీ అది పడింది, అక్కడ గ్రీజు వాడే అవసరమే లేదు. లేబర్ పెరిగితే గుడ్డల ఖర్చు ఎందుకు పెరగాలో ఎవరూ చెప్పలేకపోయారు.

కాబట్టి నా మాట ఏమిటంటే, జబ్బు ఏమిటో తెలియనప్పుడు, ముఖ్యంగా కరెంటు పనులకు, ఈ షాపు బిల్లు ఎంత పెద్దదిగా కనిపించినా నాకు సరైనదే. ఏం మార్చాలో ముందే తెలిసిన పనులకు, ఆయిల్, ప్యాడ్లు, చైన్ సెట్ లాంటివాటికి, ఇక్కడ ఖర్చు ఎక్కువే. నా బండి వారంటీ దాటిపోయి చాలా కాలమైంది, రోజూ పనికి దాని మీదే వెళ్లాలి, ఇంట్లో బండి విప్పి పెట్టుకునే చోటు లేదు. దారిలో ఆగిపోకపోవడమే నాకు అన్నిటికంటే ముఖ్యం. కొత్త బండి ఉన్నవాళ్లకూ, సొంతంగా పనిముట్లు ఉండి చక్రం తామే ఊడదీసి తీసుకెళ్లగలిగిన వాళ్లకూ నా లెక్క సరిపోకపోవచ్చు.

వచ్చే నెలలో ఫోర్కు సీల్సూ, హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, అదే కోన్ సెట్టూ చేయించాలి. రెండింటికీ ఫోర్కులు ఊడదీయాల్సిందే. ఈసారి బండి ఇచ్చే ముందే ఊడదీసే లేబర్ ఒక్కసారే వేస్తామని జాబ్ కార్డు మీద రాయించుకుంటున్నాను, ఫోన్‌లో అడిగితే సరేనన్నారు. బిల్లు వచ్చాక ఆ లైన్ ఎలా ఉందో ఇక్కడే కలుపుతాను.