పాత పటాల చట్రాల వయసు తేల్చడానికి 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి: వాడి చూసిన తర్వాత నా అభిప్రాయం

ఇంట్లో తరతరాలుగా వస్తున్న పటాల చెక్క చట్రాలు ఏనాటివో తెలుసుకోవాలనుకునేవారికి ఈ టార్చి తప్పక కొనదగిన పనిముట్టు. అయితే ఇది సంవత్సరం చెప్పదు. దీని వెలుగు పడితే వేర్వేరు పదార్థాలు వేర్వేరుగా మెరుస్తాయి కనుక, చట్రంలో ఏ భాగం మొదటి నుంచీ ఉన్నదో, ఏది తర్వాత చేరిందో విడదీసి చూపిస్తుంది. ఆ తేడా తెలియకుండా వయసు కట్టబోతే, ఎప్పుడో మరమ్మతులో వేసిన ముక్కను చూసి పటం మొత్తాన్నీ కొత్తదనుకునే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు చూసుకోవలసిన మొదటి విషయం తరంగదైర్ఘ్యం, అంటే నానోమీటర్లలో చెప్పే కాంతి తరంగం పొడవు. బజారులో చవకగా దొరికే యూవీ టార్చీలలో చాలావరకు 395 నానోమీటర్లవి. వాటి నుంచి కంటికి కనిపించే ఊదా వెలుగు ఎక్కువగా రావడం వల్ల, పాత పాలిషు నుంచి వెలువడే సన్నని మెరుపు అందులో కలిసిపోతుంది. నేను కొన్నది 365 నానోమీటర్లది. పైగా మూతి దగ్గర నల్లని ఫిల్టరు గాజు ఉంది. ఆ గాజు ఊదా వెలుగును చాలావరకు ఆపేస్తుంది కనుక, తలుపులు వేసి గది చీకటి చేస్తే చెక్క మీద ఉన్న రంగులు తేటగా కనిపిస్తాయి. ధర కొంత ఎక్కువైనా ఈ ఫిల్టరు లేనిది కొనవద్దని నా సలహా.

మా తాతగారి ఇంటి నుంచి వచ్చిన శ్రీరామ పట్టాభిషేకం పటం మీద దీన్ని వాడి చూశాను. టేకు చట్రం, మామూలు వెలుతురులో నాలుగు వైపులా ఒకే గోధుమ రంగులో ఉంటుంది. టార్చి వేయగానే పై బద్దా, రెండు పక్కల బద్దలూ నారింజ రంగులో వెలిగాయి. అది లక్క పాలిషు లక్షణం. కింది బద్ద మాత్రం ఏ వెలుగూ లేకుండా మసకగా ఉండిపోయింది. దాన్ని తిప్పి చూస్తే, మిగిలిన మూడింటి వెనక చేతి చిత్రిక వదిలిన ఎగుడుదిగుళ్లు వేలికి తగులుతుండగా, ఈ బద్ద వెనక భాగం యంత్రం మీద తీసినట్టు నున్నగా ఉంది. కింది బద్ద తర్వాత మార్చినదేనని చెప్పడానికి ఈ రెండు ఆధారాలూ చాలు. దీపారాధన సెగ, తడిగుడ్డ ఎక్కువగా తగిలేది ఆ వైపే కాబట్టి అది ముందుగా పాడై ఉంటుందని నా ఊహ.

కాగితం విషయంలో ఈ టార్చి మరింత ఉపయోగపడుతుంది. కాగితాన్ని తెల్లగా కనిపింపజేసే రసాయనాల వాడకం 1950 ప్రాంతం నుంచి వ్యాపించింది; అవి ఉన్న కాగితం ఈ వెలుగులో నీలి తెలుపుగా ధగధగలాడుతుంది. మా పటం వెనక పలకల సందుల మీద అతికించిన పట్టీలు అలాగే వెలిగాయి కాబట్టి, ఆ అతుకు 1950కి చాలా ముందుది కాదు. కానీ వెలగని కాగితమంతా పాతదని అనుకోకూడదు, ఎందుకంటే వార్తాపత్రికల కాగితంలో ఈనాటికీ ఆ రసాయనాలు సాధారణంగా ఉండవు. పలకల మీద అంటించిన ఆంధ్రపత్రిక ముక్క ఏమాత్రం వెలగలేదు. తేదీ ఉన్న భాగం చిరిగిపోయింది. అది దినపత్రిక పుట కనుక, ఆ పత్రిక మద్రాసులో దినపత్రికగా మారిన 1914కు ముందుది కావడానికి వీల్లేదన్నంత వరకే చెప్పగలం.

జిగురు దగ్గర మాత్రం టార్చి చేతులెత్తేస్తుంది. పాత వడ్రంగులు వాడిన వజ్రం (పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే జిగురు), , నేటి తెల్ల జిగురూ రెండూ నీలి తెలుపుగానే కనిపిస్తాయి. వాటిని మామూలు వెలుతురులో, పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూడడమే మేలు. వజ్రం తేనె రంగుకు తిరిగి, గాజు పెంకులా పగిలి ఉంటుంది. తెల్ల జిగురు సాగే పొరలా ఉంటుంది. ఫెవికాల్ వచ్చింది 1959లో కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. మా పటంలో పై రెండు మూలల్లోనూ పగిలిన తేనె రంగు పెచ్చులే ఉన్నాయి.

మేకులు, వెనక పలక, గాజు చెప్పే సంగతులకు టార్చి అవసరమే లేదు. గుండ్రని తీగ మేకులు ఉంటే 19వ శతాబ్దం చివరి భాగానికో ఆ తర్వాతికో చెందినదని, వెనక హార్డ్‌బోర్డు ఉంటే ఆ పలక 1920ల తర్వాతిదని అనుకోవచ్చు. గాజును వాలుగా పట్టుకుని అందులో కిటికీ నీడ చూస్తే, పాత గాజులో గీతలు వంకర్లు పోతాయి. ఇవన్నీ కలిపి చూసి, మా చట్రం తొలి కట్టుబడి 20వ శతాబ్దపు మొదటి సగానిదని నేను నిర్ణయించుకున్నాను. ఒక్క టార్చినే నమ్ముకుని ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఇక లోపాలు. ఎక్కువసేపు వెలిగిస్తే టార్చి బాగా వేడెక్కుతుంది. పెట్టెలో కళ్లద్దాలు ఇవ్వలేదు. యూవీని ఆపే అద్దాలు విడిగా కొనుక్కోవాలి, పిల్లలున్న గదిలో వాడకూడదు. రంగుల అచ్చు బొమ్మ మీద దీన్ని నిలిపి ఉంచితే రంగులు వెలిసిపోయే అవకాశం ఉంది కనుక, వెలుగును చట్రం మీదనే ఉంచి, ఫోనుతో ఫొటో తీసుకుని వెంటనే ఆపేయడం మంచిది. పటాన్ని మళ్లీ కట్టించాలనుకుంటున్నవారు ఈ పరీక్షంతా దుకాణానికి ఇవ్వక ముందే చేసుకోవాలి, ఎందుకంటే పాత పలకలు, మేకులు, కాగితాలు సాధారణంగా అక్కడే చెత్తబుట్టలోకి పోతాయి.