ఇంకుడు గుంతను కాపాడిన నిలువు పైపు

విశాఖ లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో డాబా మీది వాన నీటిని కొంత సంపులోకి, మిగిలినది బోరు పక్కన తవ్వించిన ఇంకుడు గుంతలోకి మళ్లించి కొన్నేళ్లయింది. ఇందులో నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది గోడకు ఆనించి నిలబెట్టిన ఒక పైపు. దాని అడుగున చిన్న కుళాయి ఉంటుంది. వాన మొదట్లో డాబాను కడుక్కుంటూ వచ్చే మురికి నీరంతా ముందు అందులోకి చేరుతుంది. అది నిండాకే తేట నీరు ముందుకు సాగుతుంది. వాన వెలిశాక కుళాయి తిప్పి మురికిని వదిలేస్తాం.

మొదట ఆ పైపు లేదు. మేస్త్రీ పెద్ద రాళ్లు, కంకర, బొగ్గు, పైన ఇసుక చక్కగా పరిచి పని పూర్తయిందన్నాడు. మొదటి వానాకాలం ఎంత నీరు వచ్చినా గుంత తాగేసింది. మరుసటి ఏడు అక్టోబరులో వాయుగుండం పట్టిన రాత్రి అదే గుంత పొంగి, నీరు వాకిలి నిండి మెట్లెక్కింది. తెల్లవారి మూత తీస్తే ఇసుక మీద వేలెడు మందాన నల్లటి బురద! విశాఖ డాబాల మీద పేరుకునే నల్లని ధూళి సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. దానికి వేపాకు తోడై, అలికినట్టు పరుచుకుంది. చుక్క దిగదు. గుంత పాడైంది, మళ్లీ తవ్వాలన్నాడు మేస్త్రీ. ఆ మాటకు ఇప్పటికీ నాకు కోపమే. పైన అడుగు లోతు ఇసుక తీసి కొత్తది పోయిస్తే సరిపోయింది. కింది కంకర శుభ్రంగానే ఉంది. ఇసుక మార్చేటప్పుడు ఈ పైపు పెట్టమన్నది మా ప్లంబరు. అప్పటినుంచి ఏటా జూన్‌కు ముందు పై ఇసుకను గీకించడం తప్ప వేరే పని పడలేదు.

బోరు నీటి ఉప్పదనం తగ్గిందని, పప్పు ఉడుకుతోందని కనిపించిన వారందరికీ చెప్పాను. నిజమే, కానీ అది డిసెంబరు, జనవరి నెలల మాట. ఏప్రిల్ దాటాక ఉప్పు మళ్లీ నాలుకకు తెలుస్తుంది. సముద్రానికి ఇంత దగ్గరలో ఒక్క ఇంటి గుంత ఎంతని ఆపగలదు? వీధి వీధంతా ఇంకిస్తే ఫలితం వేరుగా ఉంటుందని నా నమ్మకం.

నీటికి కొదవ లేదు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. నష్టాలు పోను ఎనభై వేలు దక్కినా, మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి దాదాపు ఐదు నెలలు సరిపోతాయి. దాచుకునే చోటే లేదు. మా సంపు పదివేల లీటర్లది, మూడు వారాలైనా రాదు. అందుకే మే నెలలో మేమూ ట్యాంకరు పిలుస్తాం, మునుపటికంటే తక్కువసార్లు.

మాది సొంత ఇల్లు, డాబా అంతా మాదే, కింద ఇసుక నేల. ఒకే డాబాను ఇరవై కుటుంబాలు పంచుకునే అపార్టుమెంటులో తలకు వచ్చే వాటా కొంచెమే. కొండవాలున రాతి నేల ఉన్నవారు గుంతకు డబ్బు పెట్టేముందు గొయ్యి తీసి, నీరు పోసి, ఎంతసేపట్లో ఇంకుతుందో చూసుకోవాలి. పైపు మాత్రం ఎక్కడైనా మొదటి రోజే పెట్టించండి.