బొచ్చుకుక్కకు జుట్టు పెంచాలా, క్రాఫు చేయించాలా?

మా ఇంట్లో షిట్జు ఉంది, చప్పిడిముక్కు చిన్న జాతి కుక్క. పేరు జున్ను. ఫోటోల్లో కనిపించే షిట్జుల్లా నేలదాకా జారే బొచ్చు పెంచాలని మా అమ్మాయి పట్టుబట్టింది. పది నెలలదాకా బాగానే సాగింది. రోజూ పైపైన బ్రష్ తిప్పితే పట్టులా మెరిసేవాడు. ఆ తర్వాత కూనబొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తున్న రోజుల్లో మా అసలు తప్పు బయటపడింది. పైన పట్టు, లోపల కంబళి. చెవుల వెనక, చంకల్లో, తొడల సందున, బెల్టు కింద ఉండలు కట్టేసింది. స్నానం చేయిస్తే విడిపోతుందనుకుని చేయించాం. తడిసిన చిక్కు ఆరేకొద్దీ ఇంకా బిగుస్తుందని అప్పటికి తెలీదు. చివరికి సెలూన్‌లో మొత్తం గొరిగించాల్సి వచ్చింది. తిరుపతి వెళ్ళొచ్చినవాడిలా ఇంటికొచ్చాడు, పాపం. ఉండల కింద చర్మం ఎర్రగా కంది ఉంది.

అప్పట్నుంచి మూడు పద్ధతులూ చూశాను: పొడవుగా పెంచడం, పొట్టిగా కత్తిరించడం, గుండు.

పొడవుగా పెంచడం అందమే, కాదనను. కానీ అది రోజూ ఇరవై నిమిషాల పని. కుక్కను పక్కకి పడుకోబెట్టి, పొట్ట దగ్గర మొదలుపెట్టి, పాయ తీసి, చర్మం కనిపించేలా ఒక్కో వరసా దువ్వుకుంటూ వెన్నుదాకా రావాలి. కుదుళ్ళ దగ్గర వేళ్ళతో పట్టుకుని దువ్వితే దానికి నొప్పి ఉండదు. ఆడపిల్లకు జడ వేసే అమ్మలకు ఇదేం కొత్త విద్య కాదు. ముందు స్లికర్ బ్రష్, అంటే వంగిన తీగపళ్ళ బ్రష్. తర్వాత తప్పకుండా స్టీలు దువ్వెన. బ్రష్ పైపైన పోయి మనల్ని మోసం చేస్తుంది, దువ్వెన మాత్రం చిక్కు ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. వారానికో పది రోజులకో స్నానం, కండిషనర్, కుదుళ్ళదాకా ఆరబెట్టడం, కళ్ళలో పడకుండా నెత్తిన పిలక. ఇంట్లో ఒకరు దీన్ని ఇష్టంగా చేస్తేనే పెంచండి. ‘వీలున్నప్పుడు దువ్వుదాం’ అనుకునే ఇంటికి ఇది పనికిరాదు.

పొట్టి క్రాఫు అంటే అంగుళం, లేదా కాస్త తక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరిస్తే చాలు. వానాకాలం షికారు వెళ్ళొస్తే తువ్వాలుతోనే సగం ఆరిపోతుంది. పిడుదులు వేలికి వెంటనే తగులుతాయి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ భయం ఉన్నచోట ఇది చిన్న లాభం కాదు. ముఖం చప్పిడిగా ఉన్న కుక్కలు అసలే వేడికి తట్టుకోలేవు, కాబట్టి హైదరాబాద్ మే నెలలో షిట్జుకు ఇదే మేలని నా అభిప్రాయం. అలాగని దువ్వడం మానేయకూడదు, ఇరవై నిమిషాల పని ఏడెనిమిదికి తగ్గుతుందంతే.

ఇక గుండు. షిట్జు విషయంలో అది ఆఖరి దారి. కానీ ఎండాకాలం వచ్చేసరికి ‘ఉక్కపోస్తోంది, గొరిగించేద్దాం’ అని పామెరేనియన్‌కీ, గోల్డెన్ రిట్రీవర్‌కీ, జర్మన్ షెపర్డ్‌కీ చేయిస్తారు చూడండి, అదే పెద్ద పొరపాటు. (మన ఊళ్ళలో పామెరేనియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అయినా సలహా అదే.) వీటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన గరుకు వెంట్రుక, లోపల మెత్తటి నూగు. పై పొర ఎండను చర్మానికి తగలనివ్వదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. ముఖ్యంగా నాలుక చాపి రొప్పుతూనే చల్లబడుతుంది, అందుకే గొరిగితే మనకు కలిగే హాయి దానికి కలగదు. పైగా పామెరేనియన్, స్పిట్జ్ జాతుల్లో బొచ్చు మళ్ళీ సరిగా రాకపోవచ్చు. విజయవాడలో మా చెల్లెలి స్పిట్జ్‌కు ఏడాది దాటినా నడుం మీద అతుకు వేసినట్టే ఉంది. వాటికి రాలే నూగును దువ్వి తీసేయడమే సరైన పని.

ఇంట్లోనా, సెలూన్‌లోనా? దువ్వెన పని ఇంట్లో, కత్తెర పని సెలూన్‌లో అని నేను పంచేసుకున్నాను. ట్రిమ్మర్ కొని చూశాను. బ్లేడు నిమిషాల్లో వేడెక్కుతుంది, మణికట్టు మీద పెట్టి చూసుకుంటూ ఉండాలి. జున్ను ఆ చప్పుడుకే మంచం కిందికి దూరేవాడు. చిక్కుల్ని కత్తెరతో కత్తిరించే సాహసం మాత్రం ఇంట్లో వద్దు. ఉండతో పాటు చర్మం పైకి లేచి ఉంటుంది, అది తెగితే కుట్లు పడతాయి.

సెలూన్‌లో ధర కంటే ముందు డ్రయ్యర్ గురించి అడగండి. బోనులో పెట్టి వేడిగాలి వదిలేసి వెళ్ళిపోయే చోటికి చప్పిడిముక్కు కుక్కను పంపొద్దు, వడదెబ్బ తగిలి ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి ముందుకొచ్చే గ్రూమింగ్ వ్యాన్ ముసలి కుక్కలకూ, బెదురు కుక్కలకూ నయం. మా సందులోకి వ్యాన్ తిరగదు కాబట్టి అంతకంటే చెప్పలేను.

షాంపూ సంగతి ఒక్క మాటలో: కుక్కలదే వాడండి. మన చర్మానిది కాస్త ఆమ్ల గుణం, వాటిది తటస్థానికి దగ్గర. మన షాంపూతో చర్మం పొడిబారి గోక్కుంటాయి. కుంకుడుకాయ బాగుంటుందని మా అత్తగారు ఒకసారి ప్రయత్నించారు. రసం కంట్లో పడి వాడు ఇల్లంతా పరుగెత్తాక, ఆవిడే డబ్బా అటక మీద పెట్టేశారు.

ఇప్పుడు సెలూన్‌కి వెళ్తే నా స్టీలు దువ్వెన సంచిలోనే ఉంటుంది. డబ్బులు కట్టేముందు చెవి వెనక, చంకలో ఒకసారి దూర్చి చూస్తాను. ఆగిందంటే వాణ్ణి మళ్ళీ బల్ల ఎక్కిస్తాను.