బ్రాడీపేటలో రెజ్యూమె షాపు: పై నాలుగు లైన్లకి ఫుల్ మార్కులు

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో డీటీపీ షాపులకేం కొదవ లేదు. చాలాచోట్ల పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, ప్రింటు చేతిలో పెడతారు. నేను ఇంతకుముందు చేయించిన రెజ్యూమె అలాంటిదే. పైన లావు అక్షరాల్లో అండర్‌లైనుతో 'కరిక్యులమ్ వీటే', దాని కింద నా పేరు, నాన్నగారి పేరు, డోర్ నంబరుతో సహా అడ్రసు, పక్కన ఫొటో. నేనేం పని చేస్తానో తెలియాలంటే సగం పేజీ దిగాలి.

ఈసారి వెళ్లిన ఈ షాపు మేడమెట్ల కింద చిన్న గది. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా పాత రెజ్యూమె చూసి, "ఇది రెజ్యూమె అని వాళ్లకి తెలుసు కదండీ, ఆ చోటు మీ పేరుకిద్దాం మేడమ్" అంది. పేరు టైపు చేసే ముందు పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు రెండూ అడిగింది. మనకిదో తలనొప్పి. సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తిగా. ఆన్‌లైన్ ఫారాల్లో మళ్లీ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అంటారు. చివరికి ఇంటిపేరు పూర్తిగానే పెట్టించాను.

పేరు కింద లైను దగ్గరే ఎక్కువసేపు పట్టింది. 'సీనియర్ అకౌంటెంట్' అని పెట్టమన్నాను. లెక్కలకి ఏ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నులు మీరే వేస్తారా, ఎక్స్‌పోర్టు కాగితాలు ఎవరు చూస్తారు అని గుచ్చి గుచ్చి అడిగింది. నేను మిర్చి ఎగుమతి కంపెనీలో చేస్తాను. అవన్నీ కలిపి ఇలా తేల్చింది: 'అకౌంటెంట్ | టాలీ ప్రైమ్, జీఎస్టీఆర్-1, 3బి | మిర్చి ఎగుమతి బిల్లింగ్, ఐజీఎస్టీ రీఫండ్లు'. నేను రాసుకెళ్లిన 'డైనమిక్', 'హార్డ్ వర్కింగ్' ఎగిరిపోయాయి, పీడా పోయింది.

దాని కింద ఫోను, ఈమెయిలు, ఊరు. అంతే. ఫొటో, పెళ్లి వివరాలు తీసేసింది. ఇంకో సంగతి, ఇవన్నీ వర్డ్‌లో పేజీ పైన విడిగా ఉండే హెడర్ గడిలో కాకుండా పేజీ లోపలే కొట్టింది. కంపెనీల్లో రెజ్యూమెలు ఏరే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఆ హెడర్‌ని చదవవట. మన కంటికి నంబరు కనపడుతూనే ఉంటుంది, అక్కడ మాత్రం ఖాళీ!

కింది సగం మాత్రం మామూలే. ఎక్కడిదో 'ఆబ్జెక్టివ్' పేరా తెచ్చి అతికించబోతే వద్దన్నాను. చివర డిక్లరేషన్ కూడా తీయించాల్సి వచ్చింది. పైభాగం మీద పెట్టిన బుర్ర కింద పెట్టదెందుకో.

తీసుకుంది 200 రూపాయలు. పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపింది కానీ, వర్డ్ ఫైలుకి ఇంకో 50 అంది. అది ముందే మాట్లాడుకోండి. కూర్చోడానికి ఒక్కటే కుర్చీ, సాయంత్రమైతే కోచింగ్ పిల్లలు క్యూ కడతారు కాబట్టి మధ్యాహ్నం వెళ్లడం నయం. వచ్చేముందు మీ ఫైళ్లు దగ్గరుండి డిలీట్ చేయించండి. ఆ డెస్క్‌టాప్ మీద ఎవరెవరి ఆధార్ కాపీలో వరసగా కనపడుతున్నాయి.