మావాడి రీడింగ్ క్లాస్: ఫీజుకి తగ్గట్టే ఉంది

మావాడు మూడో క్లాసు. లెక్కలు నోటితో టకటకా చెప్పేస్తాడు, వాచకం తెరిస్తే మాత్రం బొమ్మ చూసి సొంతంగా కథ అల్లేస్తాడు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని సైకాలజిస్ట్ తేల్చాక, ఇలాంటి పిల్లలకు చదవడం నేర్పే ఈ మేడమ్ దగ్గర చేర్పించాం.

ఆవిడ వాడేది ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి. 1930ల్లో అమెరికాలో ఇంగ్లిష్ కోసం మొదలైంది, కన్ను, చెవి, చెయ్యి మూడింటికీ ఒకేసారి పని పెట్టి నేర్పుతారు. దాన్ని తెలుగుకి ఆవిడ మలుచుకున్న తీరు నాకు బాగా నచ్చింది. ప, వ, ష లాంటివి చూడ్డానికి దగ్గరగా ఉంటాయి కదా, వాటిని ఒకే రోజు ఎత్తుకోరు, ఒకటి బాగా కుదిరాకే రెండోది. పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి, వేలితో రాయిస్తూ ఆ శబ్దం పైకి అనిపిస్తారు. (అక్షరాభ్యాసం రోజు బియ్యంలో రాయించి, మర్నాటి నుంచి పలక చేతికిచ్చేస్తాం మనం!)

మావాడికి అసలు గండం ఒత్తులు. గుడి, గుడ్డి వాడికి ఒకటే. ఆవిడ పుస్తకం మూయించి, ముందు ఆ రెండూ నోటితోనే అనిపించి, ఎక్కడ నొక్కి పలుకుతున్నాడో వాడే పట్టుకునేదాకా ఆగి, అప్పుడు కింద ఒత్తు పెట్టి చూపించారు. చదివేటప్పుడు బొమ్మ మీద అట్టముక్క కప్పేస్తారు, ఇక ఊహించడానికి వీల్లేదు. ప్రతి పేరా ముందు ఆవిడ చదువుతారు, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత వాడొక్కడే. ఇప్పుడు తడబడుతూనే అయినా ఉన్నదే చదువుతున్నాడు.

ఇన్ని నెలల్లో నయం చేస్తామనే హామీలేం ఇవ్వరు, అది నాకు ఇంకా నచ్చింది. కళ్లకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ క్లాసులు, రంగు కళ్లజోళ్లు బయట చాలా అమ్ముతున్నారు, వాటితో చదవడం వస్తుందనడానికి ఆధారాల్లేవు, డబ్బు తగలేయకండి.

ఇబ్బందులూ ఉన్నాయి. గంటకు 600, మాలాంటి వాళ్లకు బరువే. రోజూ ఇంట్లో కాసేపు పక్కన కూర్చుని చేయించాలి, అది మానేస్తే వారం చేసిందంతా వెనక్కే. డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ ఇక్కడ ఇవ్వరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది, సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు, కానీ ఆ కాగితం కోసం విడిగా తిరగాల్సిందే.

ఐదుకి నాలుగు. ఇంగ్లిష్ కూడా మొదలుపెడితే మిగతా ఒక్కటీ ఇచ్చేస్తా.