సమద్ బెహ్రంగీ ‘చిన్న నల్ల చేప’: బడి లైబ్రరీకి కొనేముందు

బొమ్మలు చూసి ఒకటో తరగతి పిల్లల కోసం కొంటే ఇరాన్ రచయిత బెహ్రంగీ రాసిన ఈ పుస్తకం బీరువాలోనే మూలుగుతుంది. ఇది ఐదు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు పెద్దవాళ్లు చదివి వినిపించాల్సిన కథ. ఆ లెక్కన కొంటే హన్మకొండ, జనగామ, ములుగు దిక్కు ఏ సర్కారు బడికైనా పెట్టిన పైసలు దండుగ కావు.

ఇక్కడ చెబుతున్నది లండన్‌లోని టైనీ ఔల్ సంస్థ 2015లో తెచ్చిన ఇంగ్లిష్ ముద్రణ గురించి. అనువాదం అజీతా రస్సీ. ఆర్డరు పెట్టేముందు అట్ట మీద ఫర్షీద్ మెస్గాలీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. 1968లో టెహ్రాన్‌లోని కానూన్ అనే బాలల సంస్థ వేసిన మొదటి ముద్రణకు బొమ్మలు ఆయనవే. 1969లో ఇటలీలోని బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో బహుమతి అందుకున్నవీ అవే. 1974లో ఆయనకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు కూడా వచ్చింది. దిమ్మతో గుద్దినట్టుండే మొరటు బొమ్మలు, ముదురు రంగులు. ముద్దొచ్చే కళ్లున్న కార్టూన్ చేపలకు అలవాటుపడిన పిల్లలు మొదట మొహం తిప్పుకుంటారు, రెండో రోజుకు వాళ్లే బోర్డు మీద అవి వేస్తుంటారు. బొమ్మలు లేకుండా ఉత్త కథ అచ్చేసిన చవక ప్రతులు క్లాసుకు అక్కరకు రావు.

కథ చలికాలంలో అన్నిటికన్నా పొడుగు రాత్రి మొదలవుతుంది. ఒక ముసలి చేప తన 12,000 మంది పిల్లలకు, మనవళ్లకు, మనవరాళ్లకు నల్ల చేప ముచ్చట చెబుతుంది. ఈ వాగు ఎక్కడ ఒడుస్తుందో చూసొస్తానంటుంది నల్ల చేప. తల్లి వద్దంటుంది, ఇరుగుపొరుగు బెదిరిస్తారు. ఇలాంటి ఆలోచనలు నేర్పిందని ఒక ముసలి నత్తను వాళ్లు అప్పటికే చంపేసి ఉన్నారు. చాలామంది దీన్ని అప్పటి ఇరాన్ రాజు షా పాలన మీద రాసిన విప్లవ కథగానే చదువుతారు. అది తప్పని కాదు గానీ, ఆ చదువులో పుస్తకం సగం జారిపోతుంది. చేప అడిగే ప్రశ్నలు క్లాసులో చివరి బెంచీ పిల్ల అడిగేవి, పెద్ద చేపల జవాబులు స్టాఫ్ రూములో వినబడేవి. రాసినవాడు బడిపంతులు అని ప్రతి పేజీ చెబుతుంది.

తెలుగులోకి మార్చుకుంటూ చదివితే ఒక పీరియడ్‌లో ఒడవదు. నాలుగు ముక్కలు చేసుకోవాలి. ఇల్లు విడిచి జలపాతం దూకేదాకా ఒకటి. తోకకప్పలు, ఎండ్రకాయ, చేపకు బాకు ఇచ్చే తొండ రెండోది. చంద్రుడు, గూడబాతు మూడు. సముద్రం, కొంగ నాలుగు. ఈ పేర్లు ముందురోజే పెన్సిలుతో పేజీ అంచున రాసిపెట్టుకోకపోతే చదివేటప్పుడు నాలుక తడబడుతుంది, పిల్లలు చెదిరిపోతారు. కొంగను చెరువు కట్ట మీద అందరూ చూసే ఉంటారు. గూడబాతును చాలామంది చూసి ఉండరు. ముక్కు కింది సంచి బోర్డు మీద గీసి చూపకపోతే మూడో ముక్క మొత్తం అర్థం కాదు, ఎందుకంటే బాకుతో చీల్చేది ఆ సంచినే.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. నల్ల చేపను పీక పిసికి చంపితే మిమ్మల్ని వదిలేస్తానని గూడబాతు తన సంచిలో చిక్కిన చిన్న చేపలకు ఆశ పెడుతుంది. ఇది క్రూరంగా ఉందని దాటేస్తే తొండ బాకు ఎందుకిచ్చిందో తేలదు, చిన్న చేపల పిరికితనమూ పిల్లలకు కనబడదు. ఉన్నదున్నట్టు చదివి, అక్కడ ఆపి, ‘మీరైతే ఏం చేసేవాళ్లు?’ అని అడగాలి.

చంద్రుడి ఘట్టమూ కోయొద్దు. మనుషులు నా మీదికి రావాలని చూస్తున్నారని చంద్రుడు చేపతో అంటాడు, మాట పూర్తికాకముందే మబ్బు కమ్ముతుంది. పుస్తకం వచ్చింది 1968లో, ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద దిగింది 1969 జూలైలో. పిల్లలు ఈ తేదీల దగ్గర తప్పకుండా ఆగుతారు.

నాలుగు ముక్కలూ అయ్యాక జిల్లా పటం తీయండి. రామప్ప చెరువు నీళ్లు గోదావరికి, పాకాల నీళ్లు మున్నేరు గుండా కృష్ణకు పోతాయి. మన ఊరి వాగులో చేప బయల్దేరితే ఏ నదిలో తేలుతుందో వేలితో గీయించాలి.

రచయిత జీవితం కథ తర్వాతే చెప్పాలి, ముందు కాదు. బెహ్రంగీ 1939లో తబ్రీజ్‌లో పుట్టాడు. ఉపాధ్యాయ శిక్షణ ముగించి పద్దెనిమిదేళ్లకే పల్లె బడిలో చేరాడు, దాదాపు పదకొండేళ్లు అక్కడి ఊళ్లలోనే పాఠాలు చెప్పాడు, మధ్యలో తబ్రీజ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ డిగ్రీ చేశాడు. అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడేది అజర్‌బైజానీ తుర్కీ, బడిలో పాఠం పర్షియన్. ఆ పిల్లలకు పర్షియన్ నేర్పడానికి వేరే వాచకమే తయారుచేశాడు. మిత్రుడు బెహ్రూజ్ దెహ్గానీతో కలిసి తిరిగి జానపద కథలు సేకరించి, పర్షియన్‌లో అచ్చేశాడు. పట్నం పిల్లల బతుకు చూసి రాసిన పాఠాలు పల్లె పిల్లల నెత్తిన రుద్దడాన్ని ఇరాన్ చదువుల మీద రాసిన వ్యాసాల్లో కడిగేశాడు. ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు కోయ పిల్లలకు తెలుగు వాచకం చెప్పే సార్లకు ఇది వివరించాల్సిన పనిలేదు.

1968 వేసవి చివర అరస్ నదిలో మునిగి చనిపోయాడు, అప్పటికి 29 ఏళ్లు. షా ప్రభుత్వపు సావాక్ రహస్య పోలీసులే చంపారన్న మాట దేశమంతా పాకింది, రచయిత జలాల్ అలె అహ్మద్ వ్యాసం దానికి ఊతమిచ్చింది. ఆ రోజు వెంట ఉన్న మిత్రుడు మాత్రం అది ప్రమాదమేనని తర్వాత పుస్తకం రాశాడు. ఓరుగల్లులో ఇలాంటి వార్త చెవిన పడగానే మనసు ఎటు మొగ్గుతుందో తెలిసిందే, అందుకే రెండు మాటలూ చెప్పాలి. ఇదంతా కథకు ముందే చెబితే పిల్లలు చేపలో రచయితనే వెతుకుతూ కథ వినరు.

ఐదో తరగతిలో ఒక ఇబ్బంది మిగులుతుంది. చివర్లో నల్ల చేప ఏమైందో కథ చెప్పదు. తనను మింగిన కొంగ కడుపులోంచి నల్ల చేప ఒక బుల్లి చేపను బయటపడేస్తుంది, కొంగ చచ్చి నీళ్లలో పడుతుంది, నల్ల చేప జాడ ఉండదు. బతికిందని సర్దిచెప్పొద్దు. 11,999 చేపలు నిద్రపోయి ఒక్క ఎర్ర చేప మేలుకుని ఉండటంతో కథ ఆగుతుంది, మీరూ అక్కడే ఆపండి.

ఇది నచ్చినవాళ్లు 1976లో మేరీ, ఎరిక్ హూగ్లండ్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన కథల సంపుటి పాత ప్రతి కోసం వెతకొచ్చు. అందులో బీట్‌రూట్ దుంపలు అమ్మే పిల్లవాడి కథ ఉంది. వాడూ, వాడి అక్కా తివాచీల కార్ఖానాలో పనిచేసినవాళ్లు. కొత్తవాడ జంపఖానా మగ్గాల మధ్య పెరిగే పిల్లలకు ఆ కార్ఖానా కొత్తేమీ కాదు. అయితే యజమాని అక్క మీద కన్నేయడం కథకు కీలకం కాబట్టి ఎనిమిదో తరగతి లోపు వద్దు, అదీ చదివేది మేడమ్ అయితే మేలు.