జబర్దస్త్‌లో ఆడవేషం: పన్నెండేళ్లుగా చూస్తున్న ఒక ఇంటి అభిప్రాయం

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన నాటి నుంచి జబర్దస్త్ అనే హాస్య స్కిట్ల కార్యక్రమాన్ని మా ఇంట్లో దాదాపు వదలకుండా చూస్తున్నాము. దాని మీద పొగడ్తలనూ తిట్లనూ అందరూ వినే ఉంటారు కనుక న్యాయనిర్ణేతల నవ్వుల గురించీ, ద్వంద్వార్థాల గురించీ నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నన్ను ఇన్నేళ్లు ఆ కార్యక్రమం ముందు కూర్చోబెట్టింది ఒక్కటే, మగవాళ్లు కట్టే ఆడవేషం. మా ఇంట్లో ఎక్కువ వాదనలు రేపినదీ అదే.

ఆ ఇష్టం నాకు మా నాన్నగారి నుంచి వచ్చింది. 1950ల చివర, తెనాలి దగ్గర మా ఊళ్లో ఆడే పద్యనాటకాల్లో ఆయన హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి వేషం కట్టేవారు. ఆడవేషాలకు పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మొదలుపెడితే భోజనం చల్లారిపోయేది. 1956లో స్థానం వారికి పద్మశ్రీ వచ్చిందన్న మాట చెప్పేటప్పుడు, ఆ గౌరవం తమ ఊరికే వచ్చినట్టు చెప్పేవారు. ఆడవేషాలకే పేరొందిన బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారి పేరు, కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి పేరు కూడా అదే భక్తితో పలికేవారు. అటువంటి మనిషికి టీవీలో కనిపించే వేషాలు మొదట్లో బొత్తిగా నచ్చలేదు. "రంగు పూసుకుని చీర చుట్టుకుంటే ఆడవేషం అయిపోతుందిట్రా?" అని, వార్తలు పెట్టమనేవారు.

2017 వానాకాలంలో ఒక గురువారం రాత్రి ఆ అభిప్రాయం మారింది. ఆ రోజు చూసిన స్కిట్‌లో కొడుకు కాపురం చూడటానికి పల్లె నుంచి పట్నం వచ్చిన తల్లి పాత్ర ఉంది. ఆ వేషం కట్టిన నటుడు వేదిక మీదికి రాగానే మాట్లాడలేదు. ముందు చేతిసంచి గోడవారగా పెట్టి, పైటచెంగుతో మెడ తుడుచుకుని, దాన్నే నడుములో దోపి, కొడుకు కుర్చీ చూపిస్తున్నా నేల మీదే చతికిలబడి, పాదాలు కనబడకుండా చీర అంచు సర్దుకున్నాడు. అంతా కలిపి అర నిమిషం ఉంటుందేమో. నాన్నగారు కళ్లజోడు తెమ్మన్నారు. "వీడు ఎవరినో దగ్గర నుంచి చూశాడు, అమ్మనో అమ్మమ్మనో" అన్నారు.

స్కిట్ అయిపోయాక ఆయన, డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, టీవీ కట్టేయించి హాలు మధ్యలో నిలబడ్డారు. కాటిసీనులో చంద్రమతి ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో కుచ్చిళ్లు ఎలా పట్టుకుంటుందో చూపించారు. మగవాడి భుజాలను దాచేది నగలు కావని, మెడ వంచే తీరేనని చెప్పారు. అడుగు సగానికి తగ్గించి వేయాలని, లేకపోతే ఎంత మంచి చీరయినా లుంగీలా కనబడుతుందని అన్నారు. మైకులు సరిగా లేని రోజుల్లో గొంతు సన్నగా ఉంటూనే చివరి వరుసకు వినబడాలి కనుక పద్యానికి ముందు ఊపిరి ఎక్కడ దాచుకోవాలో కూడా వివరించారు. చొక్కాకు మైకు తగిలించుకునే ఈ కాలపు నటుడికి ఆ కష్టం లేదని, అందుకే చాలామంది తమ మగ గొంతుతోనే మాట్లాడి నవ్వు రాబట్టుకుంటున్నారని ఆయన వాదన. జబర్దస్త్ నటుడు గెటప్ శ్రీను వేషం మారిస్తే గొంతూ మారుతుందని నేనంటే, ఒప్పుకున్నారు. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి తాతయ్యను నటుడిగా చూడటం అదే మొదటిసారి. ఏ టీవీ కార్యక్రమానికైనా నేను ఇంతగా రుణపడటం మళ్లీ జరగలేదు.

అయితే అదే రాత్రి, అదే స్కిట్ గురించి మా అమ్మాయి వేసిన ప్రశ్నను కూడా ఇక్కడ రాయాలి. "నడక బాగుంది తాతయ్యా, ఇంతకీ ఆవిణ్ణి ఎందుకు తీసుకొచ్చారు?" అని అడిగింది. ఆలోచిస్తే, ఆ తల్లి వచ్చింది కొడుకు చేత, కోడలి చేత మాటలు పడటానికే. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా చంద్రమతినీ కాశీలో అమ్మేశారమ్మా. కానీ అప్పుడు జనం ఏడ్చేవాళ్లు" అన్నారు. ఆ మాట తరువాత ఆడవేషాలను నేను మునుపటిలా చూడలేకపోయాను. ఒకే ఎపిసోడ్ గురించి ఒకరు ఆహా అంటే మరొకరు ఛీ అనడానికి కారణం అప్పుడే కొంత బోధపడింది. నాన్నగారూ నేనూ నటుణ్ణి చూస్తున్నాము, మా అమ్మాయి పాత్రను చూస్తోంది.

అంతవరకు కనబడ్డ వారందరితో ఈ వేషాలను మెచ్చుకుంటూ మాట్లాడిన నేను, ఆ మెప్పులో సగం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అనుమానపు పెళ్లాం, తన్నులు తినే పెళ్లాం, లావుగానో నల్లగానో ఉన్నందుకు సంబంధం కుదరని పిల్ల: ఈ తరహా హాస్యంలో మగవాడు చీర కట్టేది చాలాసార్లు ఈ మూడింటికే. వేరొక కార్యక్రమంలో లావుపాటి పెళ్లికూతురి మీద అల్లిన స్కిట్ వస్తుండగా, మా ఇంటికి వచ్చిన చుట్టాలమ్మాయి మంచినీళ్ల నెపంతో లేచి వెళ్లి, అది ముగిసేదాకా వంటింట్లోనే ఉండిపోయింది. మేమందరం నవ్వుతూనే ఉన్నాము. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తరువాతి ఏళ్లలో రోహిణి, ఫైమా, సత్యశ్రీ వంటి నటీమణులు ఆ వేదిక మీద నిలదొక్కుకున్నారు. మా అమ్మాయికి వాళ్ల స్కిట్లే ఇష్టం. దెబ్బకు దెబ్బ మాట అనే చొరవ వాళ్ల పాత్రలకు ఉందని ఆమె అంటుంది, అది నిజమే. అయినా ఆడవేషం పూర్తిగా పోవాలని మాత్రం నేను కోరుకోలేను. ఆడవాళ్లను ఎగతాళి చేయకుండా ఆడవేషం కట్టవచ్చునని మా జిల్లావాళ్లే ఒకప్పుడు చూపించారు కదా.

నాన్నగారు 2019లో పోయారు. కనుక నా సిఫారసును అలాగే తూచుకోండి, ఇందులో కొంత కార్యక్రమానిది, కొంత ఆయనది. నాటకాల వాసన ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, యూట్యూబ్‌లో మొదటి నాలుగైదేళ్ల స్కిట్లలోంచి ఏరుకుని, ఒక్కొక్కటిగా, వాళ్ల పక్కన కూర్చుని చూడండి. ఎపిసోడ్ మొత్తం వరసగా పెట్టి పదేళ్ల పిల్లలతో కలిసి చూడమని మాత్రం చెప్పలేను. మా అమ్మ ఇప్పటికీ చూస్తుంది. వేషం లోపలికి రాగానే ముందు అడుగు ఎంత వేశాడో గమనిస్తుంది, నచ్చకపోతే రిమోట్ నా చేతికి ఇస్తుంది.